గూడు కట్టని డేగ సంసారము

ప్రకృతిని మించిన పాఠ్యగ్రంథము లేదని పెద్దలు చెప్పుదురు. ఆ గ్రంథము చదువవలెనన్న అడవికి పోవలెనని, అందుకు తీరిక, ధనము, ధైర్యము మూడూ కావలెనని మేము అనుకొనేవారము. మూడింటిలో ఏదీ సమృద్ధిగా లేని మావంటి వసతిగృహ విద్యార్థులకు గత వేసవిలో ఆ గ్రంథపు పుటలు ఒక చిన్న తెర మీద తెరచుకొన్నవి. ఇంగ్లండు దేశపు ఒక పల్లెలో, పాత ధాన్యపు కొట్టము గోడకు బిగించిన చెక్కపెట్టెలో కాపురమున్న డేగ జంటను మేము సుమారు పది వారములపాటు ప్రతిదినము చూచినాము. చూచినది చెప్పుట ఒక్కటే ఈ వ్యాసము ఉద్దేశ్యము కాదు. దూరము నుండి చూచేవానికి ఏదైనా బాధ్యత ఉన్నదా అను ప్రశ్న అప్పుడు మాలో పుట్టినది. ఆ ప్రశ్నను సోదర విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గమువారి ముందు ఉంచవలెనని మా కోరిక.

పరీక్షల ముందు, ఏప్రిల్ మాసములో, మా జంతుశాస్త్ర అధ్యాపకులవారు పక్షుల పాఠము ముగించుచు, ఐరోపా, అమెరికా దేశములలో పక్షుల గూళ్ళ వద్ద కెమెరాలు అమర్చి, అక్కడి జీవితమును జరుగుచుండగనే లోకమునకు చూపుచున్నారని చెప్పినారు. ఆ రాత్రియే వసతిగృహములో ఏడుగురము ఒక ఫోను చుట్టూ చేరినాము. పెట్టె పైకప్పునకు లోపలివైపున బొటనవ్రేలంత కెమెరా ఉండును. పక్కన చిన్న మైకు ఉండును. చీకటి పడగనే పరారుణ కాంతి వెలుగును. అది పక్షి కంటికి ఆనదు గనుక దాని నిద్ర చెడదు. మనకు మాత్రము నలుపు తెలుపు చిత్రము కనిపించును. ఇంతే యంత్రాంగము. పెట్టె అడుగున పరచిన గులకరాళ్ళు, చెక్కపొట్టు, వాటి నడుమ ఒక చిన్న పల్లము, అందులో తుప్పురంగు మచ్చలు గల ఒకే ఒక గ్రుడ్డు మాకు మొదట కనిపించిన దృశ్యము.

ఆ పక్షిని ఆంగ్లములో కెస్ట్రెల్ అందురు. శాస్త్రీయ నామము ఫాల్కో టిన్నంక్యులస్. బరువు సుమారు 200 గ్రాములు. ఆడది మగదానికంటె కొంచెము పెద్దది. మగదాని తల, తోక బూడిదరంగు, వీపు ఇటుకరంగు. ఆడదానికి ఒడలంతా గోధుమవన్నె మీద నల్లని చారలు. ఇది మనకు పరాయి పక్షి కాదు. హిమాలయములనుండి, మధ్య ఆసియానుండి ఏటేటా శీతకాలములో దక్కను మైదానములకు ఈ జాతి పక్షులు వచ్చుచుండును. కోత ముగిసిన వేరుసెనగ చేల మీద, బీళ్ళ మీద గాలిలో ఒకేచోట రెక్కలాడించుచు నిలిచిన చిన్న డేగను మాలో పల్లెలనుండి వచ్చినవారందరూ చూచియే ఉన్నారు. చూచి, గద్ద అనుకొని పోయినారు. 1862–64 సంవత్సరములలో భారతదేశ పక్షులపై గ్రంథము వెలువరించిన జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు తెలుగు పేర్లను గూడ సేకరించి అందులో చేర్చినాడు. తొండలను పట్టే గద్ద అను అర్థము గల పేరు దీనికి ఉన్నది. పల్లెవాని కన్ను ఎంత సూటిగా చూచినదో ఆ పేరే చెప్పుచున్నది.

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు విభాగములు రెండును ఉన్నందున పక్షి పేరు మీద ఒక సరదా వివాదము పుట్టినది. ఉర్దూ మిత్రులు దానిని షాహీన్ బంధువు అన్నారు. 1935లో వెలువడిన ‘బాల్-ఎ-జిబ్రీల్’ సంపుటములో అల్లామా ఇక్బాల్ షాహీన్ పేరుతో ఒక కవిత వ్రాసినారు. ఆ పక్షి గూడు కట్టుకొనదని, అదియే దాని వైరాగ్యమునకు గుర్తని ఆయన భావము. తెలుగు మిత్రులు ఊరకుండిరా? సాళువ అనగా వేటడేగయేనని, 15వ శతాబ్దమున విజయనగరమునేలిన సాళువ నరసింహరాయల వంశనామములోనే అది ఉన్నదని ఎదురుచెప్పినారు. అధ్యాపకులవారు నవ్వి, “మీ కవి చెప్పింది శాస్త్రానికి కూడా సరిపోయిందయ్యా! ఫాల్కో ప్రజాతి పక్షులేవీ పుల్లా పుడకా పేర్చి గూడు కట్టవు. కొండచరియ మీదో, గోడ సందులోనో, చెట్టు తొర్రలోనో, కాకి వదిలేసిన గూట్లోనో గుడ్లు పెట్టుకుంటాయి” అన్నారు. అంతటితో రెండు పక్షములవారును తామే గెలిచినామనుకొన్నారు. వైరాగ్యము సంగతి ఎట్లున్నను, గూడు కట్టని పక్షికి సంసారము మాత్రము తప్పలేదని తరువాతి వారములలో తెలిసినది.

ఐరోపా మధ్యయుగపు వేటగాండ్ర దృష్టిలో కెస్ట్రెల్ తక్కువ తరగతి డేగ. రాజుల ముంజేతిమీద కూర్చుండు గౌరవము దానికి దక్కలేదు. కాని దానికి తెలిసిన విద్య పెద్ద డేగలకు లేదు. గాలికి ఎదురుగా తిరిగి, తోకను విసనకర్రవలె విప్పి, రెక్కలు ఎంత కదలినను తలను మాత్రము మేకు కొట్టినట్లు నిలిపి, నేలను పరికించును. ఆంగ్ల సాహిత్యము చదివే మిత్రులకు జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ 1877లో ఈ పక్షిపై వ్రాసిన సానెట్ తెలిసియే ఉండును. కవి మరణించిన 29 సంవత్సరములకు, 1918లో గాని అది అచ్చు కాలేదు. ఇంగ్లండులో ఈ డేగకు ముఖ్యాహారము వోల్ అను పొట్టితోక పొలపుటెలుక. ఆ ఎలుకల మూత్రపు జాడలు అతినీలలోహిత కాంతిలో మెరయునని, వాటినిబట్టి ఎలుకలున్న తావును డేగ గుర్తించునని 1995లో ఫిన్లండు పరిశోధకులు ప్రకటించినారు. డేగ కన్ను ఆ కాంతిని అంతగా గ్రహింపదని 2013లో స్వీడను పరిశోధకులు సందేహము తెలిపినారు. ఇంత సామాన్యమైన పక్షి కంటిచూపు గురించి కూడ శాస్త్రవేత్తల వాదము ముగియలేదనుట విద్యార్థులమైన మాకు ఉత్సాహము కలిగించినది.

రెండేసి దినములకొకటి చొప్పున గ్రుడ్లు అయిదు అయినవి. పరీక్షలు ముగిసి, సెలవులకు ఎవరి ఊళ్ళకు వారము పోయినాము. రాయచోటిలో ఇద్దరము, ప్రొద్దుటూరులో ఒకరు, బద్వేలు వైపు పల్లెలలో తక్కినవారు. అయినను పెట్టె మమ్ములను విడదీయలేదు. వేసవిలో ఆ దేశపు గడియారము మన గడియారమునకు నాలుగున్నర గంటలు వెనుకబడి నడచును. మనకు మధ్యాహ్నము ఎండ నడినెత్తికి వచ్చువేళ అక్కడ ఉదయపు మంచు ఆరుచుండును. కరెంటు పోయిన ఇంటిలో తడిగుడ్డ మెడకు చుట్టుకొని, చలికి ఈకలు ఉబ్బించి కూర్చున్న తల్లిపక్షిని చూచుట మాకు వింత అనుభవము. మా ఇండ్లలో పెద్దలు మొదట “ఆ పిట్టను చూస్తే మార్కులు వస్తాయా?” అని కసిరినారు. రెండు వారములు గడచుసరికి మాలో ఒకరి నానమ్మగారు నమాజు ముగించుకొని వచ్చి, “పాపం, దానికి మొగుడు తిండి తెచ్చాడా లేదా?” అని తామే అడుగసాగినారు.

తెచ్చినాడు. తెచ్చుటయే అతని ఉద్యోగము. పొదిగే పని ముఖ్యముగా ఆడదానిది. నాలుగు వారములపాటు అది పెట్టె వదలుట బహు స్వల్పము. మగ డేగ దినమునకు పలుమార్లు వచ్చి గడపవంటి పలక మీద వాలి, సన్నగా కీచుమని పిలిచి, ఎలుకను అందించి పోవును. ఎప్పుడైన భార్య తినుటకు బయటికి పోయినప్పుడు తాను గ్రుడ్లమీద కొంతసేపు కూర్చుండును. ఆ కూర్చుండుటలో ఒక తడబాటు ఉండును, చుట్టరికమునకు వచ్చినవాడు పీట మీద కూర్చున్నట్లు. ఆమె తిరిగి వచ్చి నిలుచున్నంతనే లేచి వెళ్ళిపోవును. మేము దీనిని చూచి నవ్వేవారము. మాలో ఒక మిత్రుడు మాత్రము నవ్వేవాడు కాడు. కారణము తరువాత తెలిసినది.

మే నెలాఖరున పిల్లలు వెలికి రాసాగినవి. తెల్లని నూగు, మూసిన కన్నులు, మెడ నిలుపలేని తల. మొదటి పిల్లకును అయిదవ పిల్లకును నాలుగు దినముల వ్యత్యాసము. మనుష్యుల లెక్కలో నాలుగు దినములు ఏమంత? డేగ పిల్లల లెక్కలో అది బ్రతుకుకు చావుకు నడుమ అంతరము. తల్లి ఎలుకను కాలిక్రింద అదిమి, సన్నసన్నని ముక్కలు చీల్చి, తెరచిన నోళ్ళకు అందించును. ఏ నోరు ఎత్తుగా, ఎదురుగా ఉండునో దానికి ముద్ద దక్కును. తిండి పుష్కలముగా ఉన్న దినములలో పెద్దవాటి కడుపులు నిండి అవి వ్రాలిపోవును. అప్పుడు చిన్నదానికి కూడ వంతు వచ్చును. తిండి తగ్గిననాడు వంతు రాదు. ఆ తల్లి ఎవరికీ అన్యాయము చేయుట లేదు. నోరు తెరచిన బిడ్డకు పెట్టుచున్నది, అంతే.

జూన్ రెండవ వారములో కళాశాల తెరచినారు. మేము మరల ఒక గదిలో చేరినాము. అక్కడ వాన పట్టినది. వరుసగా మూడు దినములు విడువని వాన. తడిగాలిలో కెస్ట్రెల్ నిలువలేదు, ఎలుకలు బయట తిరుగవు. మగ డేగ దినమునకు ఎనిమిది తొమ్మిది మార్లు వచ్చెడిది, ఇప్పుడు రెండు మార్లు వచ్చినది. ఈకలు మేనికి అంటుకొని, సగము పక్షివలె కనబడినది. అయిదవ పిల్ల మొదటి దినము అరచినది. రెండవ దినము నోరు తెరచినది గాని అరవలేదు. మూడవ ఉదయము మాకు మొదటి తరగతి ప్రారంభమగువేళ, అక్కడ అప్పుడప్పుడే తెల్లవారుచుండగా, అది కదలలేదు. తల్లి ముక్కుతో రెండుమార్లు దానిని పొడిచి చూచినది. ఆ తరువాత ఏమి చేసినదో వ్రాయుటకు కలము వెనుకాడుచున్నది, కాని చూచినది దాచరాదు. చనిపోయిన పిల్లను చీల్చి తక్కిన నలుగురికి పెట్టినది.

ఆ దినము మా గదిలో ఎవరును సరిగా అన్నము తినలేదు. “ఇదేం తల్లి!” అని ఒకరు ఫోను బోర్లించినారు. “ఆ కెమెరా పెట్టినవారు ఒక కోడిపిల్ల ముక్క లోపల వేసి ఉంటే సరిపోయేది గదా, అందరూ చూస్తూ కూర్చున్నారే!” అని మరొకరు మండిపడినారు. మూడవవారు, “మనుషులు పెట్టడం మొదలుపెడితే అది అడవి పక్షి ఎలా అవుతుంది? వానా కరువూ దాని జీవితంలో భాగమే కదా” అన్నారు. వాదము రాత్రి రెండుజాములవరకు సాగినది. మరునాడు అధ్యాపకులవారిని ఆశ్రయించినాము. వారు ఇట్లు చెప్పినారు: ఒకేసారి గాక ఒకటి వెనుక ఒకటి పొదుగబడుట అనేది సంవత్సరము మంచిదో చెడ్డదో ముందుగా తెలియని తల్లి చేసే ఏర్పాటు. మంచి ఏడైతే అయిదూ బ్రతుకును. చెడ్డ ఏడైతే చివరిది పోయి నాలుగు నిలుచును. అన్నీ ఒకే ఈడువైతే ఆకలి సమముగా పంచబడి అన్నీ పోవచ్చును. ఈ మాట మా బుద్ధికి ఎక్కినది. మనసుకు ఎక్కుటకు చాల దినములు పట్టినది.

అప్పుడు నవ్వని మిత్రుడు నోరు విప్పినాడు. “కెమెరా ఇవతల కూర్చున్నవాళ్ళకు కళ్ళే ఉంటాయి, చేతులుండవు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు” అన్నాడు. అతని తండ్రిగారు పదునాలుగు సంవత్సరములుగా కువైటులో డ్రైవరు. మా కడప సీమలో ఇటువంటి ఇల్లు లేని వీధి అరుదు. పెద్ద అక్కయ్య నికాహ్ ఆయన ఫోనులో చూచినారు. నాన్నమ్మగారి జనాజా ఫోనులో చూచినారు. నెలనెలా డబ్బు పంపుట, రెండేండ్లకొకసారి వచ్చి గడపలో పెట్టెలు దించి, నలువది దినములకు తిరిగిపోవుట. ఇంటిలోని ప్రతి ముద్దయు తల్లి చేతిమీదుగానే పిల్లలకు అందినది. “పలక మీద వాలి ఎలుకను ఇచ్చి ఎగిరిపోయే ఆ మగ డేగను చూసి మీరు నవ్వినప్పుడల్లా నాకు మా అబ్బాజాన్ కనబడేవారు” అని అతడు అన్నప్పుడు మేము తలలు వంచుకొన్నాము.

ఇక్కడ మరియొక డేగ కథ చెప్పవలెను. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతమున థిక్సెండేల్ అను పల్లెలో రాబర్ట్ ఇ. ఫుల్లర్ అను వన్యప్రాణి చిత్రకారుడు ఉన్నారు. డేగలకు, గుడ్లగూబలకు పెట్టెలు అమర్చి, వాటిలో కెమెరాలుంచి, ఆ దృశ్యములను లోకమునకు చూపుచున్నవారిలో ఆయన ప్రసిద్ధుడు. ఆయన కెమెరాలు చిత్రించిన ఒక సంసారములో తల్లి డేగ ఉన్నట్లుండి మాయమైనది. పిల్లలు మిక్కిలి పసివి. మగ డేగకు తెచ్చుట తెలియును గాని తినిపించుట తెలియదు. మొదట ఎలుకను ఉన్నది ఉన్నట్లుగా పిల్లల ముందు పెట్టినది. పిల్లలు దానిని ఏమి చేయగలవు? అది మరల ప్రయత్నించినది. తడబడుచు, పొరబడుచు, తుదకు చీల్చి ముక్కలు పెట్టుట నేర్చుకొన్నది. పుట్టుకతో వచ్చిన పని కాదు గనుక తనది కాదని వదలిపెట్టలేదు. ఈ చిత్రమును మేమందరము కలిసి చూచినాము.

చిత్రము ముగిసిన పిదప మిత్రుడు తన ఇంటి సంగతి పూర్తిగా చెప్పినాడు. అంతకు ముందటి సంవత్సరము అతని తల్లిగారు శస్త్రచికిత్సకై మూడు వారములు ఆసుపత్రిలో ఉన్నారు. తండ్రిగారికి వెంటనే సెలవు దొరకలేదు. తల్లి మంచముమీద ఉన్న దినములన్నిటను ఆయన ఫోనులో ఆమె ముఖము చూచుచు, బండి నడపుచు గడపినారు. ఎట్టకేలకు వచ్చి, అదే దినము సాయంకాలము వంటింటిలోకి పోయినారు. ఉప్పు డబ్బా ఎక్కడ ఉండునో ఆయనకు తెలియదు. పదునాలుగేండ్లుగా తాను కొన్న ఇంటిలో, తాను పంపిన డబ్బుతో కట్టిన వంటింటిలో! మొదటి దినము రొట్టెలు ఒకవైపు మాడినవి, మరియొకవైపు పచ్చిగా ఉన్నవి. చిన్న చెల్లెలు ఏమియు అనకుండ తిన్నది. పదియవ దినమునకు పప్పు కూడ బాగుగా కుదిరినదట. “ఆ నెల్లాళ్ళలో ఆయన పంపింది ఒక్క దినారు కూడా లేదు. కాని మా చెల్లెలు ఇప్పటికీ ఆ నెల గురించే చెబుతుంది” అని మిత్రుడు ముగించినాడు. ఆ రాత్రి మాలో పలువురు తమ తమ తండ్రులకు ఫోను చేసినాము. ఏమి మాటాడవలెనో తెలియక, భోజనము చేసినారా అని మాత్రము అడిగినాము.

చూచుటవలన ఏమి ప్రయోజనము అను మా ప్రశ్నకు ఇంకొక దిక్కునుండి కూడ వెలుగు దొరకినది. మన దేశములోనే నాగాలాండు రాష్ట్రమున వోఖా జిల్లాలో దోయాంగ్ జలాశయము ఉన్నది. సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతములనుండి ఆఫ్రికా దక్షిణభాగమునకు పోవు అమూర్ డేగలు, కెస్ట్రెల్ దగ్గరి చుట్టములు, అక్టోబరు, నవంబరు మాసములలో అక్కడ గుంపులు గుంపులుగా దిగును. 2012లో వాటిని వలలలో పట్టి వేలకు వేలుగా చంపి అమ్ముచున్న దృశ్యములను కొందరు ప్రకృతిప్రేమికులు చిత్రించి బయటపెట్టినారు. ఆ చిత్రములు చూచినవారు ఊరకుండలేదు. గ్రామపెద్దలు, చర్చి పెద్దలు, అటవీశాఖవారు, స్వచ్ఛంద సంస్థలవారు ఒకచోట కూర్చున్నారు. మరుసటి సంవత్సరము, 2013లో, వలలు లేవలేదు. ఆ నవంబరులోనే మూడు డేగలకు ఉపగ్రహ సంకేత పరికరములు కట్టి నాగా, పంగ్తి, వోఖా అను పేర్లు పెట్టి వదలినారు. నూరున్నర గ్రాముల ఆ పక్షులు దక్షిణాపథము మీదుగా వచ్చి, అరేబియా సముద్రమును దాటి ఆఫ్రికా చేరినవి. అనగా చూపులు చేతులుగా మారిన సందర్భము మన దేశములోనే ఉన్నది.

చూడకపోవుటవలన జరిగే నష్టము కూడ తక్కువ కాదు. 1950, 1960 దశకములలో ఇంగ్లండు తూర్పు భాగమున విత్తనములకు పట్టించిన విషమందుల కారణమున కెస్ట్రెల్‌లు బాగుగా తగ్గిపోయినవి. మందులను నిషేధించిన పిదప కొంత కోలుకొన్నవి. ఇటీవలి దశకములలో గడ్డిబీళ్ళు తరిగిపోయి అక్కడ అవి మరల తగ్గుముఖము పట్టినవి. మన దేశపు రాబందుల గతి అంతకంటె ఘోరము. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు వాటి కళేబరములద్వారా రాబందుల మూత్రపిండములను చెరచినది. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించునాటికి మూడు జాతుల రాబందులు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయినవి. మా తాతల కాలమున ఊరి వెలుపల గుంపులుగా వాలిన పక్షిని మేము చూడలేదు. అది ఎప్పుడు పోయినదని అడిగిన చెప్పగలవారు మా ఊళ్ళలో లేరు. ఎవరును లెక్క వ్రాయలేదు, ఎవరును తలయెత్తి చూడలేదు.

లెక్క వ్రాసినవారు మన గడ్డమీద లేకపోలేదు. 1931–32లో నాటి నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షులను సర్వే చేసిన సలీం అలీగారు ఆ తరువాత దేశమునకంతకు పక్షులను చూచుట నేర్పినారు. 1941లో వెలువడిన ఆయన పక్షుల పుస్తకము ఎందరో సామాన్యులను పక్షిమిత్రులుగా మార్చినది. ఉపగ్రహములు లేవు, అంతర్జాలము లేదు. బైనాక్యులరు, నోటుపుస్తకము, నడక. అవి మాత్రమే ఆయన సాధనములు. మన చేతిలోని ఫోను వాటికంటె గొప్పదని మేము అనుకొనుట లేదు. కాని వేలమైళ్ళ దూరపు పెట్టెలోని పిల్ల చనిపోతే కంటతడి పెట్టగలవారము, మన తరగతిగది కిటికీ మీది పిల్ల పడిపోతే చూడకుండ పోరాదు గదా అని మాత్రము మాకు తోచినది.

జూలై మొదటి వారములో నాలుగు పిల్లలకు నూగు రాలి గోధుమరంగు ఈకలు వచ్చినవి. పలక మీదికి వచ్చి రెక్కలు ఆడించి, భయపడి, లోపలికి దూరసాగినవి. మొదట పెద్దది పోయినది. రెండు దినములకు మరి రెండు పోయినవి. నాలుగవది ఒక పగలు ఒక రాత్రి ఒంటరిగా ఉన్నది. ఎలుకను పట్టుకొని వచ్చిన తల్లి లోపలికి రాక, కెమెరాకు కనబడని ఏదో కొమ్మమీదనుండి పిలువసాగినది. చివరికి అది కూడ గాలిలోకి అడుగువేసినది. రెక్కలు వచ్చిన తరువాత కూడ సుమారు నెలదినములు తల్లిదండ్రులు వాటికి ఆహారము అందింతురని అధ్యాపకులవారు చెప్పినారు. మాకు మాత్రము ఆ దృశ్యము లేదు. తెర మీద గులకరాళ్ళు, ఎముకల ముక్కలు, గోడలనిండ తెల్లని రెట్టల చారలు. ఎంత అపరిశుభ్రమైన పెట్టె! కాని అంత నిండుగా వాడబడిన ఇల్లు మేము వేరొకటి చూడలేదు.

పాలకవర్గమువారికి మా విన్నపములు రెండే. మన పాత భవనపు వెంటిలేటర్లలో, కమానుల క్రింద, నీళ్ళ ట్యాంకు వద్ద ఊరపిచ్చుకలు, పైడికంటి గూబలు, పావురములు కాపురములుండుట అందరూ ఎరిగినదే. ప్రతి సంవత్సరము కళాశాల వార్షికోత్సవమునకు ముందు సున్నము వేయించునప్పుడు పనివారు ఆ గూళ్ళను కర్రతో రాల్చి, గ్రుడ్లు, పిల్లలతో సహా చెత్తబండిలో వేయుచున్నారు. పిల్లలు ఎగిరిపోవువరకు ఆ నాలుగడుగుల గోడకు మాత్రము సున్నము ఆపవలెనని ప్రార్థన. అందమునకు వచ్చిన లోటు ఏమియు ఉండదు. రెండవది, గ్రంథాలయములో ఒక నోటుపుస్తకము ఉంచవలెను. ఏ పక్షి ఏ తేదీన ఎక్కడ కనిపించినదో విద్యార్థులెవరైన అందులో వ్రాయవచ్చును. ఉర్దూలో వ్రాసినను సరే, తెలుగులో వ్రాసినను సరే. ఖర్చు ముప్పది రూపాయలు. ఇరువది సంవత్సరముల పిదప ఈ కళాశాలలో చదువువారికి, ఈ ఆవరణలో ఏమి ఉండెడిదో చెప్పుటకు అదియే సాక్ష్యము.

సోదర విద్యార్థులారా! డిసెంబరు వచ్చినది మొదలు మన ఊరి బయటి చేల మీదికి కెస్ట్రెల్‌లు వచ్చును. ఆదివారము ఉదయము సైకిళ్ళమీద పోదమన్నవారు మా గదికి రావచ్చును. గట్టుమీద కూర్చుండి, గాలికి ఎదురు నిలిచిన ఆ పక్షిని కొంతసేపు చూడుడు. ఇంటికి దూరముగా ఉండి మీకొరకు కష్టపడుచున్నవారు ఎవరైన ఉన్నచో, ఆ సాయంకాలము వారికి ఒక ఫోను చేయుడు. డబ్బు సంగతి, మార్కుల సంగతి ఆ ఒక్కదినము విడిచి, వారు ఏమి వండుకొన్నారో, ఎవరితో కలిసి తిన్నారో అడుగుడు. వారు చెప్పినంతసేపు వినుడు.